పద్దుల పక్కన మాటలు

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ జిప్పులావిడ అంటారు. ప్యాంటు జిప్పు, స్కూలు సంచి జిప్పు, సూట్‌కేసు జిప్పు, ఏది మొరాయించినా ఆవిడ దగ్గరికే వస్తారు. మేడ కింద మెట్ల పక్కన చిన్న గది. అందులో ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, గోడకి వరసగా గాజు సీసాలు, సీసాల్లో సైజుల వారీగా జిప్పు లాగే రన్నర్లు. కొత్త బట్టలు ఆవిడ ముట్టదు. "కొత్తవి కుడితే వంకలు పెడతారు. పాతవి బాగుచేసి ఇస్తే నోరు మూసుకుని పట్టుకెళ్తారు" అంటుంది.

ఆవిడ భర్త రంగుల ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు లెక్కలు చూశాడు. అక్కడ ఆయన పేరు బ్యాలెన్సు బాబాయి. లెక్క కుదరకపోతే కంపెనీ బస్సు వెళ్లిపోయినా కుర్చీలోంచి లేచేవాడు కాదు. చివరికి తేడా ఎక్కడుందో పట్టుకుని, ఎవరినీ ఒక్క మాట అనకుండా, నడుచుకుంటూ ఇంటికొచ్చేవాడు. మాటల్లో అంత పొదుపరి. పెళ్లయిన కొత్తలో ఆవిడ, ఈయనకి నేనంటే ఇష్టం లేదేమో అని ఏడాదిపాటు బెంగపెట్టుకుంది. తర్వాత ఆయన అందరితోనూ అంతేనని తెలిసి కుదుటపడింది.

ఆరేళ్ల కిందట ఇంట్లోకి ఒక కంప్యూటర్ కొన్నాడు. ఇంటి ఖర్చులు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి వేయించుకున్నాడు. సాయంత్రం స్నానం చేసి, టీ తాగి, అరగంట దాని ముందు కూర్చునేవాడు. మొదటి ఏడాది ఉత్త అంకెలే రాశాడు. ఆ తర్వాత ఎందుకో, ప్రతి పద్దు పక్కనా ఖాళీగా కనిపించే గడిలో నాలుగు మాటలు రాయడం మొదలుపెట్టాడు.

"గొడుగు. పాతది బస్సులో వదిలేసింది నేనే."

"ప్లంబరు. మూడోసారి. ఇతను మాకు చుట్టమైపోయేలా ఉన్నాడు."

"కళ్లజోడు. ఫ్రేము ఆవిడ ఎంచింది. అద్దంలో ఎవరో పెద్దమనిషిలా ఉన్నాను."

దుమ్ము తుడవడానికి వెళ్లినప్పుడు ఇలాంటివి ఆవిడ కంట పడేవి. నోరు తెరిచి చెప్పని మనిషి ఇంత చమత్కారం ఎక్కడ దాచుకున్నాడా అనుకునేది. ఖాతాల్లో 'ఇంటి అద్దె', 'కరెంటు', 'మందులు' అని వరసగా ఉండి, చివర 'ఆవిడ చెప్పనివి' అని ఒకటి ఉండేది. అది చూసిన రోజు మొహం ముడుచుకుంది.

"నేను మీకు చెప్పనివి ఏమున్నాయండీ?" అని అడిగింది.

"చెప్పలేదుగా, నాకేం తెలుసు" అన్నాడాయన, కళ్లజోడు తుడుచుకుంటూ.

ఒకరోజు పొద్దున ఫ్యాక్టరీకి బయల్దేరుతూ, బూటు లేసు కట్టుకుంటూ, కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు మూడు నెలలకి కర్ర సాయంతో కదిలింది. మాట మాత్రం రాలేదు. సరిగ్గా చెప్పాలంటే ఒక్క మాటే మిగిలింది. అది 'ఎల్లుండి'. ఎందుకదే మిగిలిందో డాక్టర్లకీ తెలియదు. మంచినీళ్లు కావాలన్నా ఎల్లుండే, వద్దన్నా ఎల్లుండే. నొప్పిగా ఉంటే ఒకలా అనేవాడు, విసుగొస్తే ఒకలా అనేవాడు. ఆవిడ ఆయన గొంతుని బట్టి అర్థం చేసుకోవడం నేర్చుకుంది. సగం సార్లు తప్పేది.

"తెలివి ఎక్కడికీ పోలేదమ్మా. మీరన్నదంతా ఆయనకి అర్థమవుతుంది. చెప్పాలనుకున్నది బయటికొచ్చే దారే తెగిపోయింది" అని చెప్పింది మాటల టీచరమ్మ. పోయిన మాటలు మళ్లీ నేర్పించే ఆమెని ఆవిడ అలాగే పిలుస్తుంది. వారానికి రెండు సార్లు తీసుకెళ్లాలి. ఫీజు ఎక్కువ. జిప్పుల మీద వచ్చేది ఇంటికే సరిపోదు. ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన డబ్బు మంచుగడ్డలా కరిగిపోతోంది.

ఎనిమిదో నెలలో టీచరమ్మే ఒక ఫారం ఇచ్చింది. ఒక ట్రస్టు ఉందట, ఇలాంటివాళ్లకి సగం ఫీజు కడుతుందట. ఫారంతోపాటు ఏడాది ఆదాయం, ఖర్చు పద్దుల వారీగా రాసివ్వాలి. నెలాఖరుకి అందాలి. ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఆవిడ ప్రాణం లేచొచ్చింది. పద్దులంటే ఆయన కంప్యూటర్‌లో లేనిదేముంది. ఇంటికొచ్చి దాన్ని తెరిచింది. ఆఖరి పద్దు ఆయన పడిపోయిన ముందురోజు సాయంత్రానిది. "బూట్లకి లేసులు, ఒక జత. పాతవి ఇంకో నెల వచ్చేవేమో." దాని కిందంతా తెల్లగా ఉంది. ఎనిమిది నెలలు ఖాళీ.

ఆవిడ ఆడపడుచు మొగుడికి రెండు వీధుల అవతల జిరాక్సు షాపుంది. అన్నయ్యగారు అని పిలుస్తుంది. ఎవరికి ఏ సాయం కావాలన్నా పిలవకుండానే వచ్చే మనిషి. కంప్యూటర్ పని అంటే మంచినీళ్లు తాగినంత తేలికంటాడు.

"ఎనిమిది నెలలవీ కూర్చుని కొడతావా ఏంటి చెల్లెమ్మా? బ్యాంకువాళ్లని షీటు అడుగు. ఎక్సెల్ షీటు. దాన్ని ఇందులోకి ఇంపోర్ట్ చేస్తే పడాల్సినవన్నీ వాటంతటవే పడతాయి" అన్నాడు.

బ్యాంకుకి వెళ్లింది. కౌంటర్లో అమ్మాయి, "ఎప్పటినుంచి కావాలండీ?" అని అడిగింది.

"మొత్తం ఇచ్చేయమ్మా. మళ్లీ మళ్లీ తిరగలేను."

"మా దగ్గర ఐదేళ్లే వస్తాయండి."

"అవే ఇయ్యి."

ఈ రెండు మాటలూ ఆవిడ తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్యగారు వచ్చాడు. భర్తని కూడా కుర్చీ వేసి కంప్యూటర్ పక్కన కూర్చోబెట్టారు. తన లెక్కలు మళ్లీ నిండుతుంటే చూసి సంతోషిస్తాడని ఆవిడ ఉద్దేశం. అన్నయ్యగారు షీటు తెరిచాడు. తేదీ, వివరం, తీసినది, వేసినది, నిల్వ అని ఐదు వరసలు. సాఫ్ట్‌వేర్‌లో ఇంపోర్ట్ నొక్కితే ఒక కిటికీ తెరుచుకుంది. ఏ వరస తేదీ, ఏ వరస మొత్తం అని అడుగుతోంది.

అప్పుడు ఆయన కదిలాడు. ఎడమ చెయ్యెత్తి తెర మీద పై మూలకి చూపించాడు.

"ఎల్లుండి" అన్నాడు. మళ్లీ, గట్టిగా, "ఎల్లుండి. ఎల్లుండి."

"ఎల్లుండి దాకా ఎందుకు బావా, పావుగంటలో అయిపోతుంది" అన్నాడు అన్నయ్యగారు.

ఆవిడ మంచినీళ్లు తెచ్చింది. గ్లాసుని పక్కకి నెట్టేశాడు. బాత్రూముకా అని అడిగింది. తల అడ్డంగా ఊపాడు. ఫ్యాను వేసింది. ఆయన వేలు పై మూలనే పట్టుకుని ఉంది. అక్కడ చూస్తే ఏవో పది చిన్న చిన్న బొమ్మలున్నాయి. ఏ బొమ్మని చూపిస్తున్నాడో, చెయ్యి వణుకుతుంటే తెలియడం లేదు. రెండుసార్లు బల్ల మీద కొట్టాడు.

"వీళ్లకి కోపం ఎక్కువవుతుందని డాక్టరు చెప్పలేదూ" అని అన్నయ్యగారు మెల్లగా ఆవిడతో అని, నొక్కాల్సింది నొక్కేశాడు.

పద్దులు జలజలా దిగాయి. తీరా చూస్తే ఖర్చులన్నీ ఆదాయాలై కూర్చున్నాయి. తీసిన డబ్బుల వరసని మొత్తం అని చూపిస్తే, అది పాపం వచ్చిన డబ్బులనుకుంది. కరెంటు బిల్లు, ఆసుపత్రి బిల్లు, స్కానింగు, అన్నీ ఆకుపచ్చ అంకెల్లో వచ్చి చేరాయి. తేదీల్లో రోజు నెలయింది, నెల రోజయింది. పన్నెండు దాటిన తేదీలని నెలలుగా లెక్కపెట్టలేక వదిలేసింది. అడుగున నిల్వ చూసి అన్నయ్యగారు పకపకా నవ్వాడు.

"చెల్లెమ్మా, ఒక్క నొక్కుతో కోటీశ్వరులైపోయారు మీరు."

ఆవిడక్కూడా నవ్వొచ్చింది. ఎనిమిది నెలల్లో నవ్వడం అదే మొదలేమో. ఆయన నవ్వలేదు. ఎడమచేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకుని గుంజాడు.

"సరిచేస్తున్నాడుగా, ఉండండి" అంది ఆవిడ.

అన్నయ్యగారు ఈసారి తేదీ వరస సరిచేశాడు. తీసినవాటికి ముందు మైనస్ గుర్తు పెట్టాడు. మళ్లీ ఇంపోర్ట్ నొక్కాడు. సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న అడిగింది. 'పాతవాటితో పోలిన పద్దులు 1,846 ఉన్నాయి. కలపాలా?'

"కలపడానికేగా కూర్చున్నాం" అన్నాడు అన్నయ్యగారు. కలిపాడు.

ఆయన పెదవులు కదిలాయి గానీ, ఈసారి ఆ ఒక్క మాట కూడా రాలేదు. కర్ర అందుకుని, లేచి, పక్కగదిలోకి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అంకెలు మాత్రం సరిగ్గానే వచ్చాయి. తప్పుగా దిగిన మొదటి విడత పద్దుల్ని ఒక్కసారే ఎంచి చెరిపేసి, పని అయిపోయిందని టీ తాగి, అన్నయ్యగారు వెళ్లిపోయాడు. ఆవిడ సరదాకి వెనక్కి వెళ్లి గొడుగు కొన్న రోజు వెతికింది. ఆ రోజుంది, ఆ అంకె ఉంది. పక్కన గడిలో 'కార్డు 0047 టెర్మినల్ 3 రెఫ్ 918822' అని ఉంది.

ఇంకో రోజు చూసింది. ప్లంబరు లేడు. కళ్లజోడు లేదు. తేదీ, అంకె ఒకటైన ప్రతిచోటా బ్యాంకు రాసింది ఉంచి, చేత్తో రాసింది తీసేసింది సాఫ్ట్‌వేర్. దాని దృష్టిలో రెండూ ఒకటే పద్దు మరి. నాలుగేళ్లకి పైగా రోజుకి అరగంట చొప్పున ఆయన రాసుకున్న మాటల చోట ఇప్పుడు కార్డు నంబర్లున్నాయి. లేసుల జత కూడా నంబరైపోయింది.

ఆవిడ పక్కగది గుమ్మం దాకా వెళ్లింది. ఆయనకి ముందే తెలుసు.

మర్నాడు అన్నయ్యగారు కంప్యూటర్ రిపేర్లు చేసే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. అతను అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. "కలిపాక విడదీయడం దీన్లో లేదండి. ముందు బ్యాకప్ తీసుకోవాల్సింది. ఇదిగో, ఇక్కడే ఉంది" అని తెర మీద పై మూలకి చూపించాడు.

ఆవిడా అన్నయ్యగారూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అయితే ఒక ఆశ మిగిలింది. బ్యాలెన్సు బాబాయి పద్ధతైన మనిషి. ప్రతి నెలా ఒకటో తారీఖున ఒక బ్యాకప్ తీసి పెట్టుకున్నాడు. పడిపోయిన నెలది కూడా ఉంది. మాటలన్నీ అందులో భద్రంగా ఉంటాయి. తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. రిపేరతను, "ఇది సార్‌కే తెలియాలి" అన్నాడు.

సార్ పక్కనే కూర్చున్నాడు. తెలుసన్నట్టు తలూపాడు.

ఆ తర్వాత పది రోజులు ఆవిడ జీవితంలో మర్చిపోలేనివి. పెళ్లిరోజు, పుట్టినరోజులు, ఫ్యాక్టరీ టోకెన్ నంబరు, పాత అద్దెయింటి నంబరు, తోచినవన్నీ కొట్టి చూసింది. ఒక్కొక్కటి చెప్పి ఆయన మొహంలోకి చూసేది. ఆయన అవునన్నట్టు తలూపేవాడు, కొట్టాక కాదని తేలేది. ఆయనకి అవును, కాదు కూడా కొన్నిసార్లు తారుమారవుతాయి. ఆయన చేతికే కీబోర్డు ఇచ్చింది. ఎడమచేతి చూపుడువేలు ఒక అక్షరం మీదికి నమ్మకంగా వెళ్లేది, అక్కడ ఆగి, ఇది కాదేమో అన్నట్టు పక్కకి జారేది. ఒక్కొక్క నొక్కుకి తెర మీద ఒక్కొక్క నల్లచుక్క పడేది. ఆరు చుక్కలయ్యాక ఆగి ఆవిడవైపు చూసేవాడు. తప్పు అని వచ్చేది.

టీచరమ్మ అక్షరాల అట్ట తెచ్చి తను కూడా ప్రయత్నించింది. గంట తర్వాత ఆవిణ్ణి వరండాలోకి పిలిచింది.

"ఆయన మర్చిపోలేదమ్మా. లోపల ఉంది. కానీ అక్షరంగా మారేసరికి చెదిరిపోతోంది. మనం బలవంతపెట్టిన కొద్దీ ఇంకా చెదురుతుంది."

"మరెలాగండి?"

"నాకూ తెలియదు."

పదో రోజు మధ్యాహ్నం ఆయన వరసగా నాలుగుసార్లు తప్పు కొట్టాడు. అయిదోసారి సగంలో ఆగి, తల కీబోర్డు మీద వాల్చేశాడు. నుదురు ఆనిన చోట కీ నొక్కుకుపోయి, తెర మీద చుక్కలు ఒకదాని వెనక ఒకటి గడి నిండేదాకా పరుగెత్తాయి. ఆవిడ ఆయన తల లేపి, తన పొట్టకి ఆనించుకుంది.

"ఇక వద్దండి. పోతే పోనీండి" అంది. పోతే పోనీ అనుకోగలిగింది కాదు గనకే పైకి అనాల్సి వచ్చింది.

గడువుకి నాలుగు రోజులే ఉంది. సాఫ్ట్‌వేర్ తెరవడానికి చేతులు రాలేదు. బ్యాంకు షీటుని జిరాక్సు షాపులో కాగితాల మీద తీయించుకుని, దుకాణం మూసి, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ఏది మందు, ఏది అద్దె, ఏది స్కానింగు అని పక్కన రాసింది. గుర్తురానివాటిని ఆయనకి చూపించింది. కొన్నింటికి ఆయన ముక్కు చిట్లించాడు, కొన్నింటికి భుజం ఎగరేశాడు. కూడికలు మూడుసార్లు చేస్తే మూడు రకాలుగా వచ్చాయి. నాలుగోసారి వచ్చిందే రాసేసింది. ఆయన ఆ కాగితం తీసుకుని కాసేపు చూసి, ఒకచోట గోరుతో గీత గీశాడు. నిజంగానే అక్కడ కూడికలో మిగిలిన ఒకటిని ఆవిడ పక్క వరసలో తప్పుగా కలిపింది.

ట్రస్టు ఆఫీసులో గుమాస్తా ఫారం చూసి, మూడు కాగితాలు ఉంచుకుని, మిగతా కట్టంతా వెనక్కిచ్చాడు.

"చివరి మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చాలండి. ఈ పద్దులవీ అక్కర్లేదు."

"ఫారంలో ఏడాదివని ఉంది కదండీ? పద్దుల వారీగా అని?"

"అది పాత ఫారం అండి. అచ్చువేయించినవి చాలా మిగిలిపోయాయి. అయిపోయేదాకా అవే ఇస్తున్నాం."

ఆవిడ కట్ట అందుకుని మెట్లు దిగింది. బయట బెంచీ మీద కూర్చుని ఆ కట్టని సంచిలో పెట్టుకుంది. సంచి జిప్పు సగంలో పట్టేసింది. దాన్ని బాగుచెయ్యడం ఆవిడకి అరనిమిషం పని. అలాగే తెరిచిపెట్టి బస్సెక్కింది.

సగం ఫీజు మంజూరైంది. పాఠాలు సాగుతున్నాయి. అన్నయ్యగారు నెలన్నరపాటు అటు రాలేదు. ఒకరోజు దుకాణం ముందు నిలబడి, "బావ ఎదటపడ్డానికి మొహం చెల్లట్లేదు చెల్లెమ్మా" అన్నాడు.

"లోపలికి రండి. బ్యాంకులో మొత్తం ఇమ్మన్నది నేను. మీరొక్కరే ఎందుకు మోస్తారు" అంది. అతను వచ్చి కూర్చున్నాడు. బావ అతని వంక చూసి, ఎడమచేత్తో కుర్చీ చూపించాడు. అంతకంటే ఎక్కువ ఆయన ఇదివరకు కూడా మాట్లాడేవాడు కాదు.

కొన్నాళ్లకి ఆవిడ ధైర్యం చేసి ఆ పద్దులు మళ్లీ తెరిచింది. రొక్కంగా ఖర్చుపెట్టినవి బ్యాంకు షీటులో ఉండవు కాబట్టి అవి చెదరలేదని అప్పుడు తెలిసింది. ఎక్కువ లేవు. బస్సు టికెట్లు, చెప్పులు కుట్టించడం, ఒకసారి దారిలో ఎవరికో ఇచ్చిన చిల్లర. వాటి పక్కన మాటలు అలాగే ఉన్నాయి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ పైకి చదివింది. 'ఆవిడ చెప్పనివి' ఖాతా తెరిస్తే అందులో రెండే పద్దులున్నాయి.

"డ్రైవింగ్ స్కూలు. పదిహేను క్లాసులు."

"గేటు స్తంభం బాగుచేయించడం. వెనక్కి రావడం కష్టమే."

ఆవిడ ఆ రెండూ మళ్లీ చదివింది. నాలుగేళ్ల కిందట, దుకాణంలో దాచుకున్న డబ్బుతో, ఎవరికీ చెప్పకుండా కారు నడపడం నేర్చుకోవడానికి వెళ్లింది. కారు లేదు, కొనే ఆలోచనా లేదు. ఊరికే, ఒకసారి నడపాలనిపించింది. పదిహేనో క్లాసులో వెనక్కి తీస్తూ ఎవరింటి గేటు స్తంభమో గుద్దేసింది. బాగుచేయించడానికి డబ్బిచ్చి, సిగ్గుతో మళ్లీ వెళ్లలేదు. ఈ సంగతి తోడబుట్టినవాళ్లకి కూడా చెప్పలేదు.

"మీకెవరు చెప్పారండీ?" అని అడిగింది. "నన్ను చూశారా? స్కూలువాళ్లు చెప్పారా? తెలిసీ ఒక్కమాట కూడా అనలేదేం?"

ఆయన మొహం ఒక పక్క నవ్వింది. రెండో పక్కకి నవ్వు వెళ్లదు. చెప్పాలని చూశాడు. ఎడమచెయ్యి గాల్లో స్టీరింగు తిప్పినట్టు తిప్పి, కిటికీవైపు చూపించి, మళ్లీ తన కళ్లవైపు చూపించి, ఆగిపోయాడు. ఆవిడ కిటికీలోంచి చూసింది. కనిపించేదంతా ఎదుటి మేడ గోడే.

"ఎల్లుండి" అన్నాడు. అది కాదని తనకే తెలిసి తల అడ్డంగా ఊపి, మళ్లీ అన్నాడు. ఇంకో రెండుసార్లు అన్నాడు. మెడ మీద నరాలు ఉబ్బాయి.

"సరే సరే, అర్థమైంది" అంది ఆవిడ. ఏమీ అర్థం కాలేదు.

ఏడాది గడిచేసరికి ఆయనకి ఇంకో మూడు మాటలొచ్చాయి. ఒకటి 'తలుపు'. ఒకటి ఆవిణ్ణి పిలిచే 'ఏమోయ్'. ఇంకొకటి 'చాలు'. బ్యాకప్ ఫైలు అలాగే ఉంది. రిపేరతను ఎప్పుడైనా కనిపిస్తే ఆవిడ అడుగుతుంది, అతను పెదవి విరుస్తాడు. మధ్యాహ్నాలు దుకాణం మూసి పైకొచ్చేసరికి ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడు. కార్డు నంబర్ల వరసలని ఎడమచేత్తో నెమ్మదిగా పైకి జరుపుకుంటూ ఉంటాడు. ఒక్కోచోట చాలాసేపు ఆగుతాడు. అక్కడ ఏం రాశాడో ఆయనకి గుర్తొస్తోందో, ఉత్తినే చూస్తున్నాడో ఆవిడకి తెలియదు. అడిగి ఆయన్ని అవస్థపెట్టడం ఇష్టంలేక, కంచాలు పెట్టి, భోజనానికి రమ్మని పిలుస్తుంది.